చంద్రుడి మట్టిలో ఆక్సిజన్

మా ఎదురింటి సిస్టరమ్మ చనిపోయారు. రెండు వారాల క్రితం ఆదివారం పొద్దున చర్చికని తయారై, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు. గుండెపోటు అన్నారు డాక్టర్లు. మేడిపల్లిలో ఆటో నడుపుకునే ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది నేనే. "బండి మీదున్నన్నా, మళ్ల జేస్త" అన్నాడు. విషయం చెప్పాను. ఆటో ఇంజిన్ చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఫోన్లో వరంగల్ రోడ్డు మీది లారీల హారన్లు వినిపించాయి.

చిల్కానగర్‌లో మా గల్లీ మొత్తానికీ ఆమె సిస్టరమ్మే. ప్రభుత్వ దవాఖానాలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆకాశం మీద ఆసక్తి ఆమెకు ఆ వార్డులోనే పుట్టింది. గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే, గ్రహణం నాడు కోడలు కత్తి పట్టిందనో, బయట తిరిగిందనో అత్తలు అక్కడే తిట్టిపోసేవారట. వాళ్లకు జవాబు చెప్పడం కోసం గ్రహణాల గురించి చదివారు. రోగుల కోసం తెచ్చిన బత్తాయిని బల్బుకు అడ్డం పెట్టి చూపించేవారట. "బత్తాయి అడ్డమొస్తే బల్బు కనవడది. గంతే. దీంట్ల నీ కోడలు జేసిందేముంది?" ఆ చదువు గ్రహణాలతో ఆగలేదు.

రిటైరయ్యాక సాయంత్రాలు గేటు ముందు కుర్చీలు వేసేవారు. నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు, కూరగాయలకు వెళ్లే ఆడవాళ్లు అక్కడ ఆగేవారు. కావాలనే రెచ్చగొట్టేవారు కూడా.

"సిస్టరమ్మా, మన గల్లీ మోరీ ఎప్పుడు బాగైతదో ఎవ్వరు చెప్పరు గని, అంగారకుని మీద నీళ్లున్నయో లేవో మస్తు చెప్తరు."

"మోరీ సంగతి కార్పొరేటర్ని అడుగు. నీళ్ల సంగతి నన్నడుగు."

ఒకసారి చర్చి నుంచి వచ్చిన పెద్దాయన, పైకి అంతంత దూరం రాకెట్లు పంపడం దేవుడి పనిలో వేలు పెట్టడం కాదా అన్నాడు. "ఆయన ఇల్లు గంత పెద్దగ కట్టుకున్నడయ్యా. మనమింక గేటు కాడనే ఉన్నం. తొంగిచూస్తే కోప్పడ్తడా?" అన్నారామె. ఆ మాట నేను చాలాచోట్ల చెప్పాను.

ఆమెతో గట్టిగా వాదించింది మాత్రం తమ్ముడే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమె. ఆదివారం చర్చి అయ్యాక భార్యతో కలిసి భోజనానికి వచ్చేవాడు. నన్నూ పిలిచేవారు. బగారా అన్నం గిన్నె మూత తీయకముందే మొదలుపెట్టేవాడు. "ఒక్క రాకెట్ పైసలతోని ఎన్ని దవాఖానాలు కట్టొచ్చు అక్కా? నువ్వు నర్సువే కదా, నువ్వే చెప్పు."

"దవాఖానాలు కట్టుర్రి, రాకెట్లు పంపుర్రి. ఇది ఆపినోడు అది కడ్తడని ఎవడు చెప్పిండురా నీకు?"

మరదలు నవ్వుతూ వడ్డించేది. "ఇద్దర్ని రాకెట్ల ఎక్కించి పంపిస్త. ఈడ నేను, అన్న నిమ్మళంగ తింటం" అనేది.

కరోనా రెండో విడతలో ఆ మరదలు చనిపోయింది. సిలిండర్ కోసం అక్కా తమ్ముడూ ఉప్పల్ నుంచి దమ్మాయిగూడ దాకా తిరిగారు. దొరికింది. ఇంటికి తెచ్చేసరికి దాని అవసరం తీరిపోయింది. ఆ తర్వాత కూడా అతను ఆదివారాలు వచ్చేవాడు. తినేవాడు. వాదించేవాడు కాదు.

మన నౌక చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన కొద్దిరోజులకు, అక్కడి మట్టిలో ఆక్సిజన్ ఆనవాళ్లు దొరికాయని వార్త వచ్చింది. ఆ ఆదివారం నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. సిస్టరమ్మ సంతోషం పట్టలేక, చేతిలో గరిటెతోనే చెప్పడం మొదలుపెట్టారు. తమ్ముడు తలెత్తాడు.

"ఈడ టైముకు దొరకలే గని, గాడ దొరికిందా అక్కా?"

"అది పీల్చెటిది కాదురా. మట్టిల, రాళ్లల్ల కలిసుంటది. విడదియ్యాల్నంటే మస్తు వేడి కావాలె."

అతను చెయ్యి కడుక్కున్నాడు. ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

ఆ తర్వాత ఏ ఆదివారమూ అతను రాలేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తేవాడు. ఆరోగ్యం అడిగేవాడు, మందులు వేసుకోమనేవాడు. భోజనం మాట రాగానే బండి మీదున్నానని పెట్టేసేవాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె అనేవారు.

ఒకరోజు నాతో అన్నారు: "వాడు అడిగింది చంద్రుని గురించి కాదు బిడ్డా. నేను చంద్రుని గురించి జవాబు చెప్పిన."

ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఆ ఆదివారం ఆమె చెప్పిన జవాబులో ఇప్పటికీ ఒక్క తప్పు పట్టలేను.

కుర్చీలు వేయడం క్రమంగా తగ్గింది, తర్వాత మానేశారు. మన దేశంవాడొకడు పైన అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు గల్లీ అంతా ఒక ఇంట్లో టీవీ ముందు చేరింది. పిలవడానికి నేనే వెళ్లాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. "మీరు సూడుండ్రి బిడ్డా" అన్నారు. చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు.

నిన్న ఆదివారం, చర్చి అయ్యాక, తమ్ముడు ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. తీస్తానంటే వద్దన్నాడు. మెట్ల మీద కూర్చుని, క్యారియర్ విప్పకుండా పక్కన పెట్టుకున్నాడు. మధ్యాహ్నం కావస్తోంది. పడమటి వైపు, డాబాల మీద, సగం చంద్రుడు ఇంకా కనిపిస్తున్నాడు, పాలిపోయి. అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూశాడు.

"పట్టపగలు చంద్రుడున్నడేందక్కా?" అన్నాడు, తల తలుపు వైపు తిప్పి.