బిరడాలు ముట్టుకోవద్దు

ఆ రోజుల్లో బోయిగూడలో జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆడవాళ్లు మార్త దగ్గరికే పోయేవాళ్లు. దర్జీలు లేక కాదు. వాళ్లు కుట్టిన జాకెట్టు ఇంటికొచ్చి తొడుక్కుంటే ఒక చెయ్యి బిగుతు, ఒక చెయ్యి వదులు. మార్త కుట్టింది తొడుక్కుంటే మాత్రం ఒంటి మీద జాకెట్టున్న సంగతే మరిచిపోయేవాళ్లు. కొలత ఒక్కసారే తీసేది. రెండోసారి టేపు పట్టుకోవడం ఎవరూ చూడలేదు.

ఆమె మొగుడు దేవానందం నిజాం రైల్వేలో ఇంజనుకు బొగ్గు వేసేవాడు. యుద్ధం ముగిసి, తిరుమలగిరి కంటోన్మెంటులో తెల్ల సిపాయిలు మూటాముల్లె సర్దుకుంటున్నప్పుడు, ఒకడికి తన చేతిగడియారం ఇచ్చి గిటారు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత దారిన పోయేవాళ్లనల్లా టైమెంతైందని అడుగుతూ డ్యూటీకి పరుగెత్తేవాడు. వాయించడం కూడా అంతంతమాత్రమే. ఒక్క స్తుతి పాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా వచ్చేది. ఆదివారం చర్చి నుంచి రాగానే గడప మీద కూర్చుని అదే వాయించేవాడు. మార్త లోపల పోపు వేస్తూ అదే పాడేది. పందొమ్మిది వందల నలభై ఆరు చలికాలంలో జ్వరం వచ్చి పదకొండు రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది కుట్టుమిషను, గిటారు.

ఆర్థర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా, దేవానందానికి చిన్ననాటి స్నేహితుడు. చర్చిలో గిటారు వాయించేది ఆయనే. సమాధి మీద మట్టి ఆరకముందే వచ్చి అడిగాడు.

"మార్తమ్మా, గిది నీకేం పనికొస్తది? మా మేబెల్‌కు ఇయ్యి. పిల్ల నేర్సుకుంటది."

మార్త ఇవ్వలేదు. నెల తిరక్కుండా మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు ఆమె మిషను ఆపి చెప్పింది.

"ఇయ్యను అన్నా. నేనే నేర్సుకుంట. నువ్వు నేర్పు."

ముప్పై ఏడేళ్ల మనిషి గిటారు నేర్చుకోవడం ఏమిటని వీధిలో కొందరు మూతి మీద కొంగు పెట్టుకున్నారు. మార్తకు కావలసింది పెద్ద విద్య కాదు. ఆ ఒక్క పాట, దేవానందం గిటారు మీద, చర్చిలో అందరి ముందు ఒక్కసారి వాయించాలి. అంతే.

ఆర్థర్ కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. బదులుగా మేబెల్‌కు మార్త కుట్టుపని నేర్పాలి. సోమవారం, గురువారం మేబెల్ ఇక్కడికి వస్తుంది. శనివారం ఆర్థర్ వస్తాడు. ఈ ఏర్పాటు నలభై ఏడు ఎండాకాలంలో మొదలైంది.

దర్జీలకు ఒక రివాజుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాడి చేత ఏళ్ల తరబడి గుండీలు, కాజాలు, అంచులు కుట్టిస్తారు. కత్తెర మాత్రం చేతికివ్వరు. గుడ్డ కత్తిరించడం వచ్చిందంటే వాడు రేపు ఎదురుగానే దుకాణం పెడతాడు కదా. మార్త అలాంటి మనిషి కాదు. నెల తిరగకుండానే మేబెల్ చేతికి కత్తెరిచ్చింది. పక్కింటి అక్బర్ బీ చూసి తల కొట్టుకుంది.

"పాగల్ అయినవా మార్తా? కత్తెరిస్తే నీ దగ్గర ఏముంటది?"

"నేర్పుతనని మాటిచ్చిన గదా" అంది మార్త.

ఇక ఆర్థర్ నేర్పిన తీరు చెప్పాలి. చెప్పబోతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొదటి శనివారం గిటారు ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి, మెడ చివరనున్న బిరడాలు అటూ ఇటూ తిప్పి తీగెలు సరిచేశాడు. తర్వాత మార్త చూపుడువేలును ఆరు తీగెల మీద అడ్డంగా పరిచాడు. వేలు వంచే పని లేదు. గిటారు మెడ మీది మెట్లలో ఐదోదాని మీద పరిస్తే ఒక నాదం, ఏడో మెట్టు మీద పరిస్తే ఇంకొకటి, అసలు వేలే పెట్టకపోతే మూడోది. గంటలో పాట మొదటి వరుస వచ్చేసింది. మార్త కళ్లు తుడుచుకుంది.

"గిట్లనే చెయ్. బిరడాలు మాత్రం ముట్టుకోకు" అన్నాడు ఆర్థర్. "తీగె తెగితే మల్ల దొరకదు. సరిచేసుడు నేను చూసుకుంట. దానికి చెవి తయారు కావాలె."

ఒకసారి అడిగింది కూడా. "అన్నా, చర్చిల నీ వేళ్లు వంగి ఉంటయి గదా. ఒక్కో వేలు ఒక్కో తీగె మీద ఉంటది. నాకెందుకు గట్ల చెప్పవు?"

"అది మగోళ్ల చెయ్యి. ఆడోళ్లకు గిదే అల్కగ ఉంటది."

మార్త నమ్మింది. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి, మొగుడి శవపేటిక మోసిన మనిషి, ఎందుకు నమ్మదు? ప్రతి శనివారం ఆయన వచ్చి తీగెలు సరిచేసేవాడు. వారమంతా మార్త ఒళ్లు మరిచి సాధన చేసేది. వేలు పొడుగునా కాయలు కాశాయి. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. మరుసటి ఏడు ఇండియన్ యూనియన్ నుంచి సరుకులు ఆగిపోయి, ఉప్పుకు కూడా వరుసలో నిలబడాల్సి వచ్చినప్పుడు, తీగెలు దొరకవన్న మాట మరీ నిజమనిపించింది. గిటారు తుడిచేటప్పుడు బిరడాలకు గుడ్డ తగలకుండా తుడిచేది.

నలభై ఎనిమిది జూలైలో రజాకార్ల భయంతో ఆర్థర్ సెలవు పెట్టి, ఇంటిల్లిపాదినీ తీసుకుని బెజవాడ పోయాడు. మార్త ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఎవరున్నారు? అక్బర్ బీ ధైర్యం చెప్పి, రాత్రిళ్లు తన ఇంట్లో పడుకోబెట్టుకునేది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత అక్బర్ బీ గడప దాటడానికి వణికితే, మార్తే ఆమెకు సరుకులు తెచ్చి ఇచ్చేది.

ఆ నెలాఖరు ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆర్థర్ ఇంకా బెజవాడలోనే ఉన్నాడు. ముందురోజే పాస్టరుగారు మార్తను పిలిచి అడిగారు.

"నువ్వు నేర్చుకుంటున్నవని విన్నం. ఒక పాట వాయిస్తవా అమ్మా?"

మార్త ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి కొత్త చీర కట్టుకుని, గిటారుకు పాత దుప్పటి చుట్టి తీసుకుపోయింది. రెండు నెలలుగా సరిచేసే దిక్కు లేక తీగెలు కొంచెం జారాయి. చర్చి మెట్ల దగ్గర కంటోన్మెంటు నుంచి వచ్చిన సిపాయిలు నిలబడి ఉన్నారు. వాళ్లలో సామ్యూల్ అని ఒక గుంటూరు కుర్రాడు, రెజిమెంటు బ్యాండులో ఉన్నవాడు, గిటారు చూసి దగ్గరికొచ్చాడు. ఒకసారి మీటి చూశాడు.

"మూడు తీగెలు బాగా సడలిపోయాయక్కా. సరిచేసి ఇవ్వనా?"

మార్త గిటారు మెడ పట్టుకుంది. "తెగవు గదా?"

"తెగవండీ."

చకచకా బిరడాలు తిప్పి, వేళ్లు వంచి ఒకసారి వాయించాడు. ఎంత బాగుందంటే మార్తకు దేవానందం గడప మీద కూర్చున్నట్టే అనిపించింది. అంతలో గంట కొట్టారు. లోపలికి పోయారు.

పాస్టరుగారు పేరు పిలిచారు. మార్త ముందుకు వచ్చి కూర్చుని, ఐదో మెట్టు మీద వేలు పరిచి మీటింది. వచ్చింది పాట కాదు. ఏడో మెట్టుకు జరిపింది. ఇంకా ఘోరం. వేలు తీసేసి మీటింది. అదీ కాదు. ఎవరో పిల్లవాడు నవ్వితే తల్లి వాడి నోరు మూసింది. రెండో వరుసకు మార్త ఆపేసింది. గిటారు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంటే పాస్టరుగారే ఇంకో పాట ఎత్తుకున్నారు. కూడిక అయిపోగానే సిపాయిలు వరుస కట్టి వెళ్లిపోయారు.

అక్టోబరులో ఆర్థర్ తిరిగొచ్చాడు. సంగతి వీధి మొదట్లోనే విన్నాడు. మార్త ఇంటికొచ్చి గిటారు అందుకుని ఒకసారి మీటాడు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో మార్తకు ఆ రోజు తెలియలేదు.

"పరేషాన్ గాకు చెల్లె. చెవి అందరికి ఉండదు. దేవుడు నీకు కుట్టుడు ఇచ్చిండు."

"తీస్కపో అన్నా" అంది మార్త. "మేబెల్‌కు ఇయ్యి. నా చేతిల ఉంటే ఆయన పరువు సుత పోతది."

అక్బర్ బీ చూస్తుండగానే ఆయన దాన్ని చంకన పెట్టుకుని పోయాడు.

నవంబరులో సామ్యూల్ మార్త ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చొక్కా వదులైందట, బిగించాలట. కొలత తీస్తుంటే తటపటాయించి అడిగాడు.

"ఆ రోజు ఏమైందక్కా?"

"నాకు చెవి లేదు తమ్మీ."

"చెవి లేనివాళ్లు రెండో వరుసలో ఆపరండీ. పాట చివరిదాకా వాయించి సంతోషంగా వచ్చి కూర్చుంటారు. మీకు తప్పు వినబడింది కాబట్టే ఆపారు. వేలు ఎలా పెడతారో చూపించండి."

గిటారు లేదు. మార్త గజం కర్ర అందుకుని దాని మీద వేలు అడ్డంగా పరిచింది. ఇక్కడ ఐదో మెట్టు, ఇక్కడ ఏడో మెట్టు అని చూపించింది. సామ్యూల్ కర్ర మీద తన వేలు కూడా అలాగే పరిచి చూశాడు.

"అక్కా, అది వేరే శ్రుతి" అన్నాడు. "గిటారును ఒళ్లో పడుకోబెట్టి, ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేవాళ్లు మూడు తీగెలు కావాలనే దించుకుంటారు. అది తప్పేం కాదు. కానీ ఆ మాట చెప్పాలి గదండీ. చెప్పకపోతే ఎవరు బిరడా తిప్పినా మీరు నేర్చుకున్నదంతా పోతుంది. సడలాయనుకుని నేనే బిగించాను. నా చేత్తో నేనే పాడుచేశాను."

"ఆయనకు సుత గదే వచ్చునేమో."

"చర్చిలో ఆయన వేళ్లు ఎలా పెడతారండీ?"

మార్త గజం కర్ర కింద పెట్టింది. ఇరవై ఏళ్లుగా వెనక బెంచీ నుంచి చూసిన వంగిన వేళ్లు కళ్లముందు కదిలాయి. తెలియక చేసింది కాదు. గోడవైపు తిరిగి తిప్పాడు. ప్రతి శనివారం వచ్చి, దించిన తీగెలను దించినట్టే ఉంచిపోయాడు. తను విసిగిపోయి గిటారు ఇచ్చేస్తుందని చూశాడు. తను విసుగుపడలేదు. ఇంకెవరో బిరడా తిప్పే రోజు వచ్చేదాకా ఆగాడు. ఏడాదికి పైగా తన ఇంట్లో చాయ్ తాగుతూ ఆగాడు. మార్తకు ఏడుపు రాలేదు. బయటికి వచ్చి నిలబడింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆర్థర్ ఇంటికి పోయింది. అరుగు మీద మేబెల్ గిటారు పట్టుకుని ఉంది. ఆర్థర్ పక్కన కూర్చుని చెబుతున్నాడు. "ముందుగాల బిరడా. శ్రుతి అయినంకనే పాట. గిది రాకపోతే ఏది రానట్టే."

మార్తను చూసి ఆగిపోయాడు.

"నీ బిడ్డకు మొదటి నెలనే కత్తెర ఇచ్చిన ఆర్థరన్నా" అంది మార్త. "నువ్వు నాకు బిరడా ఇయ్యలే."

ఆర్థర్ కళ్లు దించుకోలేదు సరిగదా, గొంతు పెంచాడు. "ఏం తక్లీఫ్ అయింది ఇప్పుడు? ఒక్క పాట కావాలంటివి, ఒక్క పాట నేర్పిన. గిటారు నేను గుంజుకున్ననా? నువ్వే ఇచ్చినవ్, నలుగురు సూస్తుండంగ."

అది నిజమే. తన చేత్తో తనే ఇచ్చింది. మార్త ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

మర్నాడు సోమవారం. రాదనుకున్న మేబెల్ వచ్చింది, పండక్కి కొత్త జాకెట్టు గుడ్డ పట్టుకుని. మిగిలిన పాఠం ఒక్కటే, చంక గుండ్రం కత్తిరించడం. మార్త సుద్దతో గీత గీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"నీకు ఎరుకేనా బిడ్డా?"

మేబెల్ గుడ్డ అంచు సవరించింది. "ఎరుకే అత్తా. మొదటి రోజే నాన్న చెప్పిండు. నీకు చెప్పొద్దన్నడు."

అంటే మొదటి సోమవారం నుంచీ. ఈ చాప మీద కూర్చుని, ఈ ఇంట్లో అన్నం తిని, లోపల తను వేలు పరిచి సాధన చేస్తుంటే వింటూ, ఈ పిల్ల కాజాలు కుట్టింది. ఆర్థర్ చేసిందాని కంటే మార్తకు ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది.

అరంగుళం తక్కువ చెప్పి ఊరుకోవచ్చు. జాకెట్టు కుట్టాక గానీ ఎవరికీ తెలియదు. మార్త సుద్ద కొంచెం పక్కకు జరిపింది.

"ఇక్కడ అరంగుళం ఎక్కువ ఇడువు. చెయ్యి ఎటు తిప్పినా పట్టుకోదు. ఇది ఏ దర్జీ నీకు చెప్పడు."

మేబెల్ కత్తిరించడం అయ్యేదాకా చూసింది. తర్వాత ఆ పిల్ల చేతిలోంచి కత్తెర తీసుకుని పెట్టెలో పెట్టేసింది.

"నేర్పుతనన్నది అయిపోయింది. ఇంక రాకు."

ఆ క్రిస్మసుకు చర్చిలో మేబెల్ గిటారు వాయించింది. దేవానందం పాటే. ఒంటి మీద కొత్త జాకెట్టు. వేళ్లు చక్కగా వంచి, మెట్ల మీద కిందికీ పైకీ చెయ్యి జరుపుతూ వాయించింది. చెయ్యి ఎక్కడా పట్టుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా గొంతు కలిపారు. వెనక బెంచీలో కూర్చున్న మార్తకు ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ఆమె పాడలేదు.