సుగ్గికి పోయిన ఖోఖో జట్టు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, మా బళ్లో ఆడపిల్లల ఖోఖో జట్టు కట్టాలన్న పిచ్చి నాకు పట్టింది. మాది కోసిగి పక్కన ఒక పల్లె. నాన్నకు కిరాణా అంగడి ఉండేది. ఇంటికి ఒక్కతే కూతుర్ని కావడంతో, సాయంత్రమైతే అంగడి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడడమే నా ఆట. నాతో కలిపి తొమ్మిది మందిని చేర్చి, రెండు స్తంభాలకు డబ్బు కూడా తెస్తే, దీపావళి తర్వాత జరిగే తాలూకా పోటీలకు పంపిస్తానని డ్రిల్లు మాస్టారు షరతు పెట్టారు.

ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, ఎనిమిది మందిని చేర్చాను. బాగా ఉరికేవాళ్లనే ఏరుకున్నానని ఎంత గర్వమో నాకు! స్తంభాల కోసం అందరం నెలరోజుల పాటు వేపగింజలు ఏరాం. చేతులన్నీ జిగట, ఒళ్లంతా చేదు వాసన. నాన్న ఆ గింజలు కొని, ఆడపిల్లలు ఉరకడానికి కొయ్యలెందుకని నవ్వుతూనే ఇంకొంత పైన వేసి ఇచ్చాడు. స్తంభాలు పాతిన రోజు నోటుబుక్కులో తొమ్మిది పేర్లూ అందంగా రాసుకున్నాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

దసరా పోయిన వారానికి లారీ వచ్చింది. మా వైపు కూలి జనం పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు పత్తి, మిరప కోతలకు పోతారు. సుగ్గికి పోవడం అంటాం. ఏటా కళ్లముందు జరిగేదే, అయినా అంగడివాళ్ల బిడ్డనైన నాకు ఆ సంగతి తట్టనే లేదు. తెల్లారేసరికి ఎనిమిది మందీ లేరు. ఒక్కరైనా చెప్పి పోలేదు.

రెండు స్తంభాల మధ్య ఒక్కదాన్నే ఇటూ అటూ ఉరికాను. ఖో ఎవరికివ్వాలి? ఇక జట్టు లేదు పొమ్మన్నారు మాస్టారు. ఏడుపు వచ్చింది, దాన్ని మించి కోపం వచ్చింది. అరుగు మీద కూర్చుని ఒక్కో పేరూ కొట్టేయడం మొదలుపెట్టాను.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. ఆమెకు నెలలు నిండాయని ఆ ఏడు మొగుడొక్కడే సుగ్గికి పోయాడు. ఏం చేస్తున్నానని అడిగితే, పోయినవాళ్ల పేర్లు తీసేస్తున్నానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరూ మూడో తరగతిలో ఇట్లనే కొట్టేసిరి పాపా. సుగ్గి నుంచి వచ్చినాక వారం దినాలు బడి గేటు కాడ నిలబడితి. హాజరులో నా పేరు పిలిస్తే లోపలికి పోదామని. పిల్చలే. నేనూ మళ్లా పోలే."

అంతే చెప్పి నా పక్కన కూర్చుంది. అప్పటికే కొట్టేసిన మూడు పేర్లూ కింద మళ్లీ రాశాను.

ఉగాదికి ముందు జనం తిరిగొచ్చారు. పోటీలు ఎప్పుడో అయిపోయాయి. మాలో అందరికంటే వేగంగా ఉరికే పిల్ల బడి గోడ అవతల నిలబడింది, లోపలికి రాదు. మిరపకాయల ఘాటుకు వేళ్లు పొక్కిపోయాయి. నేను నోటుబుక్కు తెరిచి పేర్లు గట్టిగా చదివాను. తన పేరు వినపడగానే, "నాది ఇంకా ఉండాదా?" అని మెల్లగా అడిగి, వచ్చి స్తంభాల మధ్య వరుసలో కూర్చుంది.

నాకిప్పుడు అరవై దాటాయి. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు నా బతుకులో శానామందే ఉన్నారు. ప్రతిసారీ ఆ పాత కోపమే వస్తుంది, నా బుద్ధే అంత. ఈ మనిషితో ఇక సరి అనుకుంటాను. అంతలోనే, పేరు పిలుస్తారేమోనని వారం రోజులు గేటు దగ్గర నిలబడిన ఆ మూడో తరగతి పిల్ల కళ్లలో మెదులుతుంది. పలకనివాళ్లూ ఉన్నారు, అయినా నేనే ముందు పేరు పెట్టి పిలుస్తాను.