గుర్వయ్య ఫోనుకు పెట్టిన మేత

కేతేపల్లి గుర్వయ్య మామకు నూట ఇరవై గొర్లు, ఒక ఫోను. గొర్లు ఆయన మాట వినేవి, ఫోను వినేది కాదు. ఎండ పడే కిటికీలో పొద్దంతా చార్జింగ్‌లోనే వదిలేసేవాడు. మూడో ఏటికి బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచింది.

కూతురు ఉమారాణి నల్లగొండలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. కొత్త ఫోను కొనిచ్చి, "గిది గూడ ఉబ్బిందంటే మల్ల కొనియ్య బాపూ. ఐదేండ్లు రావాలె" అని గట్టిగా చెప్పింది.

ఆ భయంతోనే మామ, ఊరి వరసకు అల్లుణ్నైన నా దగ్గరికొచ్చాడు. నేను పుస్తకం పడితే నవ్వే ఊరికి, ఫోను చెడితే మాత్రం నేనే గుర్తొస్తాను. చార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆగేటట్టు పెట్టి పంపాను.

మరునాడు పొద్దున్నే మా వాకిట్లో కేకలు.

"ఏం జేసినవ్‌రా అల్లుడా? ఎంతసేపు పెట్టినా ఎనభై దాటుతలేదు. కొత్త ఫోనుకు రోగం తెచ్చినవ్!"

పావుగంట చెప్పాను. ఒక్క ముక్క ఎక్కలేదు. విసుగొచ్చి, "తొలకరి పచ్చిగడ్డి మీద గొర్లను కడుపునిండ మేపుతవా మామా?" అన్నాను.

"పిచ్చోడా, ఉబ్బి సస్తయి. జర ఆకలుండంగనే మళ్లిస్త."

"గిదీ గంతే."

మామ ఫోనును తిప్పి తిప్పి చూశాడు. "గీ ముక్క ముందే చెప్పొద్దా? గన్ని పుస్తకాలు సదివి ఏం లాభం!"

అప్పటి నుంచి దాన్ని నీడలోనే ఉంచేవాడు. ఇరవైకి దిగకముందే ఇంటికి తోలుకొచ్చేవాడు. కానీ మేత కాడ పొద్దంతా ఫోన్లో ఒగ్గు కథ వినాలంటే ఎనభై చాలేది కాదు.

ఎండకాలం మందతో కృష్ణ ఒడ్డుకు పోవాల్సి వచ్చింది. మూడు రోజుల నడక, మంద దిగేది చేలల్లో, చార్జింగ్ పెట్టే జాగా ఉండదు. చేరినట్టు కబురు రాకపోతే ఇంట్లో ఆయన భార్య గుర్వమ్మ అత్తకు ముద్ద దిగదు. మామ మెల్లగా వచ్చి అడిగాడు.

"ఒక్క పూట నిండ పెడితే ఉబ్బుతదా అల్లుడా?"

"రోజూ పెడితే చెడుతది. పయనం నాడు ఏం గాదు. నిండంగనే తియ్యి."

నూరు పడేదాకా పక్కనే కాపలా కూర్చున్నాడు.

మూడోరోజు సాయంత్రం వాళ్లింట్లోనే ఉన్నాను. అత్త చేతిలో బటన్ల ఫోను మోగింది.

"చేరినవా?"

"చేరిన. ఒగ్గు కథ బంద్ పెట్టిన. ఇంక ముప్పై ఉన్నది!"

"ముప్పై ఎవలడిగిండ్రు? తిన్నవా?"

"గొర్లు తిన్నయి. నేను తింటున్న."

"గొర్ల తర్వాతనే గద నీకు మేం యాదికొచ్చేది" అని అత్త తిట్టి ఫోను పెట్టేసింది. అన్నం గిన్నె ముందుకు లాక్కొని, నాకూ ఒక కంచం వేసింది.