కాలువ వీధిలో పసుపు తలుపు

బొమ్మలేసే వీబెకి ఉన్న పిచ్చి ఒక్కటే: దేన్ని చూసినా రంగు ముక్కలుగా వేసేవాడు. కన్నూ ముక్కూ ఉండేవి కావు. మేయరుగారు ముచ్చటపడి బొమ్మ వేయించుకుంటే, నారింజరంగు పలకొకటి చేతిలో పెట్టాడు.

"నా మీసాలేవయ్యా?"

"తీసేశానండీ. మీకు నప్పలేదు."

పాలవాడు ఆవును వేయించుకున్నాడు. ఒక నల్ల ముక్క, ఒక తెల్ల ముక్క. తల ఎటుందో తెలియక, పాపం, బొమ్మను ఆవుకే చూపించాడట.

అందరికంటే గట్టిగా తిట్టేది హిల్లె అత్త. వీధి మొత్తానికీ అత్తే. "బొమ్మంటే కళ్లు పెట్టి చూసి వెయ్యాలిరా!" అనేది. నిజానికి చూపు ఆననిది ఆవిడకే. బోల్స్‌వర్డ్ ఊరంతా ఆవిడకి పాలలో నానినట్టు తెల్లగా, మెత్తగా కనబడేది. ఇళ్లు కాలువలోకి, కాలువ మబ్బుల్లోకి కలిసిపోయేవి. ఆ కలలాంటి లోకం బాగానే ఉండేది. కానీ మేనల్లుడు గెర్బెన్‌కి తెలిస్తే వృద్ధాశ్రమంలో చేర్చేస్తాడని భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ వీధిలో తలుపులన్నీ ఒకే ముదురాకుపచ్చ. పగలు తాళం వేసే అలవాటు ఎవరికీ లేదు. ఓ మధ్యాహ్నం అత్త తన ఇల్లే అనుకుని వీబె ఇంట్లోకి వెళ్లింది. చెక్కచెప్పులు విప్పి, కాఫీ పెట్టుకుని, తీరిగ్గా కూర్చుంది. గుమ్మంలో వీబె అలికిడైంది.

"నా ఇంట్లో నీకేం పనిరా?" అని కసిరింది.

"ఊరికే వచ్చానత్తా," అని వీబె బయటికి పోయి వానలో నిలబడ్డాడు. రంగుల వాసన తగిలాక గాని అత్తకి సంగతి అర్థం కాలేదు.

ఆ వారం తిరిగేసరికి అత్త తలుపు పసుపుపచ్చగా మారింది. కాలువ గట్టు పొడవునా ఎర్ర పట్టీ వెలిసింది. వీధి భగ్గుమంది. ఆదివారం చర్చి బయట అందరూ వీబెని చుట్టుముట్టారు.

"మా అత్త తలుపుకి ఆ రంగెందుకు పూశావు?" అని గెర్బెన్ నిలదీశాడు.

గుంపులో ఉన్న అత్త చెవులు రిక్కించింది. వీబె ఇప్పుడు నిజం చెప్పేస్తే తన బతుకు ఆశ్రమం పాలే.

"ఆకుపచ్చ చూస్తే నాకు వాంతొస్తుంది," అన్నాడు వీబె.

"పిచ్చి ముదిరింది! రేపే మళ్లీ ఆకుపచ్చ వేయిస్తాం!" అని అరిచాడు గెర్బెన్.

"నా తలుపు ముట్టుకున్నవాడి చేతులు విరగ్గొడతా!" అంది అత్త. "గట్టు కూడా అలాగే ఉండాలి. నాకు నచ్చింది."

"అయిపోయింది, అత్తకీ అంటుకుంది," అన్నాడు పాలవాడు.

అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మంచులో మెరిసే ఆ పసుపు వెలుగునే చూసుకుంటూ తిన్నగా ఇంటికి నడిచింది. వెనకే వచ్చిన వీబెతో గుమ్మంలో గొంతు తగ్గించి అంది:

"ఒరేయ్, ఆ ఎరుపు ఇంకో జానెడు వెడల్పు చెయ్యరా. నిన్న నా కాలు తడిసింది."