మోతీకి తోడు వెళ్ళిన గుమాస్తా

నేనొకసారి ఒక గుర్రాన్ని లారీలో హైదరాబాదు పంపించాను. ఈ ఒక్క ముక్క ఎత్తితే చాలు, మా ఇంట్లో ఇప్పటికీ అందరూ నవ్వుతారు, నేనొక్కణ్ణే కిటికీలోంచి బయటికి చూస్తుంటాను. అంతటి ఘోరం జరిగింది మరి. తీరిగ్గా కూర్చోండి, చెబుతాను.

అరవైల చివరి మాట. నాన్నకు పెద్ద కార్ఖానాలో ఉద్యోగం రావడంతో తెనాలి నుంచి బీరంగూడ వచ్చేశాం. పటాన్‌చెరులో ఒక లారీల ఆఫీసులో నేను గుమాస్తాను. అది పేరుకే, నా అసలు పని పగటికలలు. లారీ వెనక లేచిన దుమ్ములో ఎండ పడితే చాలు, ఆ బంగారు మబ్బులో పడి ఎటో వెళ్ళిపోయేవాణ్ణి. ఎవరేం చెప్పినా "సరే సరే" అనేవాణ్ణి. ఏం విన్నానో మాత్రం నాకే తెలిసేది కాదు.

మా యజమాని నర్సింగరావు గారు కొత్త లారీ కొన్నారు. దానికి మొదటి సవారీ ముత్తంగి ఖాన్ సాబ్ గారి ఆడగుర్రం మోతీ. గుర్రప్పందేలకు హైదరాబాదు చేరాలి.

"గుర్రానికి చెమట పట్టొద్దు, ఒంటి మీద గీత పడొద్దు. జెర తేడా వచ్చిందో, ఇగ నువ్వు ఆఫీసు మొకం సూడకు," అన్నారాయన.

ఉద్యోగం పోతే నాన్న నన్ను తెనాలిలో మామయ్య బియ్యం కొట్లో కూర్చోబెడతారు. ఆ కొట్టుకు కిటికీ కూడా లేదు. అందుకే ప్రాణం పెట్టి పనిచేశాను. కాలు జారకుండా లారీ అడుగున ఇసుక పోయించి, పైన మోకాలిలోతు వరిగడ్డి పరిపించాను. ఒరుసుకోకుండా పక్కలకు గడ్డి కుక్కిన గోనెసంచులు కట్టించాను. సుఖంగా ఉందో లేదో చూద్దామని నేనే ఒక కునుకు తీశాను. బ్రహ్మాండంగా ఉంది.

ఆ సాయంత్రం మోతీని చూసుకునే జహంగీర్ ఒక నల్ల మేకపోతును తెచ్చి లారీలో కట్టాడు. చాలాసేపు ఏదో చెప్పాడు. నేను అతని భుజం మీదుగా జొన్నచేల మీద వాలుతున్న పిట్టల గుంపును చూస్తున్నాను. "సరే సరే" అన్నాను.

అతను వెళ్ళాక డ్రైవర్ మల్లయ్య వచ్చాడు. "ఏంది సారూ, గీ యాట ఎవలిది?"

ఇక్కడ మీరు నా తెలివిని గమనించాలి. కొత్త బండి కొంటే మైసమ్మకు మేకపోతును ఇవ్వడం ఇక్కడి పద్ధతి. తెనాలి నుంచి వచ్చినా ఇక్కడి పద్ధతులన్నీ నేర్చేసుకున్నానని నాకు మహా గర్వం. కొత్త లారీ, అందులో నల్ల మేకపోతు. ఇంకేం కావాలి?

"మన లారీకే మల్లయ్యా. ఖాన్ సాబ్ పంపించారు. మైసమ్మకు ఇవ్వొద్దూ?"

"ఖాన్ సాబా? మైసమ్మకా? ఎంత మంచి మనసు సారూ," అని మల్లయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ను తెనాలి సారనుకున్న. నువ్వు మా మనిషివే."

ఆ మాటకు పొంగిపోయి మేకపోతును నేనే చంకనెత్తుకుని నడిచాను. పొద్దుగూకేలోపు అమ్మవారి పని పూర్తయింది. కూర అద్భుతంగా కుదిరింది. రెండుసార్లు వడ్డించుకుని, అదే చొక్కాతో గడ్డి మీద పడి నిద్రపోయాను.

తెల్లారి మంచులోంచి మోతీ నడిచి వచ్చింది. అదీ తెలుపే, మంచూ తెలుపే. ముందు కళ్ళు కనిపించాయి, ఆ తర్వాత మెల్లగా మిగతా గుర్రం. అంత అందాన్ని నేను మళ్ళీ చూడలేదు. లారీకి ఆనించిన పలకల మీద ముందుకాళ్ళు పెట్టి, లోపలికి వాసన చూసి, సకిలించి వెనక్కి తగ్గింది.

"మున్నా ఏడి?" అన్నాడు జహంగీర్.

"మున్నా ఎవరు?"

"మేకపోతు. నిన్న చెప్పిన కద సారూ. పిల్లగున్నప్పటి సంది మోతీకి గదే తోడు. రాత్రంత లారీల ఉంచుండ్రి, దాని వాసనకు గుర్రం దానంతట అదే ఎక్కుతదన్న. నువ్వు సరే సరే అన్నవ్."

మల్లయ్య నా వంక చూశాడు. నేను లారీ బానెట్ వంక చూశాను. దాని మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

"మున్నా మైసమ్మ దగ్గరికి వెళ్ళాడు," అన్నాను.

"ఎప్పుడొస్తడు?"

మల్లయ్యే గొంతు సవరించుకుని, "రాడు భాయ్," అన్నాడు. కాస్త ఓదార్పుగా ఉంటుందని కాబోలు, "కూర శాన మంచిగ ఉండె," అని కూడా అన్నాడు.

జహంగీర్ నేల మీద కూలబడిపోయాడు. నాకు బియ్యం కొట్టు కళ్ళముందు కనిపించింది. అప్పుడు మోతీ మెడ చాపి నా చంకలో ముక్కు పెట్టింది. మున్నా కంపు ఇంకా ఆ చొక్కాను వదల్లేదు. నేను భయపడి ఒకడుగు వెనక్కి వేస్తే, అది ఒకడుగు ముందుకు వేసింది. అలాగే ఇద్దరం పలకలెక్కి లారీలో తేలాం.

జహంగీర్ కళ్ళు తుడుచుకున్నాడు. "దిగకు సారూ. హైదరాబాద్ దాంక గట్లనే నిలబడు. అది బెదిరినప్పుడల్ల మున్నా లెక్క ఒర్రు."

ఒర్రాను. బీరంగూడ దగ్గర డ్యూటీకి పోతున్న నాన్న సైకిలు ఎదురైంది. లారీ మీద గుర్రం తల, దాని పక్కన 'మే మే' అంటున్న కన్నకొడుకు తల. ఆయన సైకిలు దిగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

ఆ తర్వాత మోతీ బెదరలేదు. గడ్డం నా భుజం మీద ఆన్చింది. మల్లయ్య పల్లకీ మోసినంత మెత్తగా నడిపాడు. లారీ నిలిచిపోయి, చేలే వెనక్కి నడిచిపోతున్నట్టు ఉంది. మోతీ వెచ్చటి ఊపిరి నా మెడకు తగులుతుంటే ఇద్దరం సగం నిద్రలోకి జారుకున్నాం. అది ఎవరిని తలుచుకుని కళ్ళు మూసుకుందో నాకు తెలుసు. సిగ్గుతో ఏడుపొచ్చింది. దాని జూలుతోనే కళ్ళు తుడుచుకున్నాను.

హైదరాబాదులో ఖాన్ సాబ్ మోతీ వీపు నిమిరి చూశారు. చెమట చుక్క లేదు. మెచ్చుకోబోయి, మున్నా సంగతి విన్నారు.

"ఇంకో మేక దొరికేదాంక నువ్వు ఈడనే ఉంటవ్."

మధ్యాహ్నానికి బజారు నుంచి ఇంకో నల్ల మేకపోతును పట్టుకొచ్చారు. నేను బట్టలకంటిన గడ్డి దులుపుకుని ఇంటికి బయల్దేరబోయాను. మోతీ ఆ మేకపోతును వాసన చూసింది. మూతితో దాన్ని పక్కకు నెట్టేసి, వచ్చి నా భుజం మీద గడ్డం పెట్టింది.

ఖాన్ సాబ్ తన మనుషులను పిలిచారు.

"మేకను తీస్కపోండ్రి," అన్నారు. "గుమాస్తాను కట్టేయుండ్రి."

ఆ గుర్రపుశాల గడ్డిలోనే నిలబడి, మోతీ మెడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఏ మేకపోతైనా సరే, అది ఎవరి నేస్తమో కనుక్కోనిదే నా కంచంలోకి రానివ్వను.