అత్త ఇవ్వని మాత్ర

గుడియాత్తంలో మా ఇళ్లలో మందులు కూడా పప్పూ ఉప్పులాగా బదులు తిరిగేవి. ఎవరికి జ్వరమొచ్చినా మా మేనత్త తన కషాయం పంపేది. నాకు మాత్రం ఒక్క మాత్ర ఇవ్వలేదు. అది నేను మరవలేదు.

రాష్ట్రాలు విడదీస్తున్న రోజులవి. మా ఊరు తెలుగువైపా, అరవవైపా ఎటు చేరాలని బజారులో వాదించి ఇంటికొచ్చేసరికి నా గుండె దడదడలాడింది. అత్త గుండె లయ తప్పుతుందని వేలూరు డాక్టరు ఆమెకు మాత్రలు రాసిచ్చి ఉన్నాడు. ఒకటి అడిగాను. ఆమె మాత్రల డబ్బా కొంగున ముడేసుకుంది.

"ఇది నా గుండెకు రాసిచ్చింది నాయనా. నీది చూపించుకోవాల."

"ఈలోగా చస్తే, అత్తా?"

"అందుకే ఇప్పుడే బస్సెక్కమంటా ఉండేది."

తానే వెంట వచ్చింది. డాక్టరు నన్ను పరీక్షించి, కాఫీ, కోపం తగ్గించమన్నాడు. ఆ మాత్ర వేసుకుని ఉంటే బాగున్న గుండె పాడయ్యేదన్నాడు.

తిరుగు బస్సులో ఎక్కినవాళ్లందరికీ అత్త చెప్పుకొచ్చింది. "మావోడి గుండె బాగుండాదప్పా. నోరే జాస్తి."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఊరు చేరేదాకా ఆమె నవ్వు ఆగలేదు.