గోడల్లేని తలుపు

మొన్న సోమవారం పొద్దున కాఫీ తాగుతుండగా జర్మనీ నుంచి ఫోన్ వచ్చింది. మా మేడమ్ గారి కూతురు. అమ్మ నిన్న పోయిందని, డ్రైవర్‌కి నువ్వే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలని తన దగ్గర ముందే మాట తీసుకుందని ఇంగ్లీషులో చెప్పింది. సెలవులకు దోహా వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్టు నుంచి నేనే ఇంటికి తెచ్చిన పిల్ల. ఇప్పుడు గొంతు అచ్చం వాళ్ళమ్మదే. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఎవరని అడిగితే, "మా నాటకాల టీచరమ్మ పోయారే" అన్నాను. అలా పైకి అన్నాక గానీ ఏడుపు రాలేదు. ఏడుస్తూనే ఆవిడ కబుర్లు మొదలుపెట్టాను, కాసేపటికి ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం. ఆవిడ తలపుకొస్తే నాకు ఇప్పటికీ ఒంట్లో ఉషారు పుడుతుంది. ఆ ఉషారు చల్లారకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను.

తొంభైల మొదట్లో నేను దోహాలో, అల్ ముంతజాలో, ఒక జర్మన్ ఇంజనీరు గారింట్లో హౌస్ డ్రైవర్ని. మాది తెనాలి పక్క పల్లె, కాబట్టి స్టీరింగ్ పట్టకముందే మొహానికి రంగు పట్టించినవాణ్ణి. ఊళ్ళో పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడు కట్టేవాణ్ణి. నేను రాగం అందుకుంటే వెనక వరసల్లో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. దోహాలో వన్స్‌మోర్ కొట్టే నాథుడు లేక, కారులో ఒంటరిగా ఉన్నప్పుడు పాడుకునేవాణ్ణి. ఒకరోజు వెనక సీట్లో మేడమ్ ఉన్న సంగతే మరిచిపోయి సిగ్నల్ దగ్గర గొంతెత్తాను. కారు పక్కకి ఆపమన్నారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆవిడ దిగి వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చుని, అద్దాలెక్కించి, మళ్ళీ పాడమన్నారు, ఊపిరి ఎక్కడ తీస్తున్నానో చూడాలట. ఆ తర్వాత ఆవిడ వెనక సీట్లో కూర్చోనేలేదు. మా వీధిలో మిగతా డ్రైవర్లు చాలాకాలం నన్ను ఆటపట్టించారు.

ఆవిడ జర్మనీలో ఒక నాటకాల బడిలో టీచరని అప్పుడే తెలిసింది. భర్తకి దోహాలో కొన్నేళ్ళ పని పడితే సెలవు పెట్టి వచ్చారు. పని అయ్యాక మళ్ళీ ఆ బడికే వెళ్ళాలని ఆవిడ ఆశంతా. అబూ హమూర్‌లో కూరగాయల మార్కెట్‌కి వెళ్తూ వస్తూ ఆ బడి చరిత్రంతా చెప్పారు. తూర్పు జర్మనీలో ఒక చిన్న పట్నంలో, పాడుబడిన ధాన్యం గిడ్డంగిలో, కొందరు నటులు కలిసి దాన్ని పెట్టారట. కొన్నాళ్ళకు వచ్చిన సర్కారు ఆ నాటకాలు గిట్టక తాళం వేయించింది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. బాంబులకు గిడ్డంగి నేలమట్టమైంది. గోడలన్నీ పోయి, ఒక ద్వారబంధం, దానికో తలుపు మాత్రం నిలబడి ఉన్నాయి.

యుద్ధం అయ్యాక, బతికి బయటపడ్డ ముసలి మాస్టారొకాయన వచ్చి ఆ ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడట. చుట్టూ చేరిన కుర్రకారు బడి ఏదని అడిగితే, "తలుపుంది కదా, అది చాలు. ఒక్కొక్కరే తలుపు తీసుకుని లోపలికి రండి, ఎవరొచ్చారో నాకు తెలియాలి" అన్నాడట. అదే మొదటి పాఠం. ఆ తర్వాత గోడలు లేచాయి, కప్పు పడింది, ఇంకో సర్కారు వచ్చి క్లాసులో ఎవరేం మాట్లాడుతున్నారో వినడానికి వెనక బెంచీల్లో తన మనుషుల్ని కూర్చోబెట్టింది. మొదటి పాఠం మాత్రం మారలేదు. మాట్లాడకుండా తలుపు తీసుకుని రావాలి. ఎవరో నిజంగానే వచ్చారని నమ్మకం కుదిరితే టీచరు "హెరైన్" అంటారు. లోపలికి రమ్మని అర్థం. కుదరకపోతే ఏమీ అనరు, వెనక్కి పోవాల్సిందే. ఆ ఒక్క మాట అనిపించుకోవడానికి మేడమ్‌కే ఏడాది పట్టిందట.

నాకు ఆవేశం ఆగలేదు. కౌరవ సార్వభౌముడికి ఇదొక పరీక్షా అనుకుని, ఇంటికి రాగానే హాలు తలుపు తోసి, మీసం మీద చెయ్యేసి, దర్జాగా లోపలికి నడిచాను. మేడమ్ బంగాళాదుంపల చెక్కు తీస్తూనే ఉన్నారు. "నువ్వు తలుపు తీయలేదు, తెర తీశావు" అన్నారు. నా ఇరవయ్యేళ్ళ నాటకానుభవం గురించి అంత సరిగ్గా, అంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు. కోపం కూడా వచ్చింది.

మీవాళ్ళు ఇంకెవరైనా ఉంటే శుక్రవారం పిలుచుకురమ్మన్నారు. శుక్రవారం అందరికీ సెలవే. పక్క వీధిలో వంటచేసే కడప రెడ్డిగారిని, ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీలుండే క్యాంప్ నుంచి కొందరిని పోగుచేశాను. వాళ్ళలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజన్న ఒకడు, సైట్లో సెంట్రింగ్ వడ్రంగి. జన్మలో వేషం కట్టినవాడు కాదు, మేడమ్ చేసే కేకు కోసం వచ్చానని మొహం మీదే చెప్పాడు. ఇంటి వెనక దొడ్లో ఇసుక మీద గీత గీసి అదే తలుపనుకోమంటే ఎవరికీ మింగుడుపడలేదు. అప్పుడు రాజన్న, తలుపే కావాలంటే తాను చేసిపెడతానన్నాడు. ఫోర్‌మన్‌ని అడిగి పారేసే ప్లైవుడ్ తెచ్చుకుని, తర్వాతి శుక్రవారానికి దొడ్డి మధ్యలో ద్వారబంధం నిలబెట్టి తలుపు బిగించాడు. కింద గడప కూడా వేశాడు. రెడ్డిగారు దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. వాళ్ళ బడి తలుపుకి కింద ఏ చెక్కా లేదని, కాలికి తగిలి పడతారని మేడమ్ అన్నారు.

"గడప లేకుంటే అది తల్పెట్లయితది మేడమ్? సందు అయితది" అన్నాడు రాజన్న. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ భుజాలెగరేసి, అక్కడి అరబ్బీలో "యల్లా", అంటే కానివ్వండి, అన్నారు.

ఆ రోజు పాఠం ఏమిటంటే, ఒక దొంగ ఇంట్లోకి రావాలి, వెనకే పోలీసు రావాలి. రెడ్డిగారు దొంగ. పిల్లిలా వచ్చారు, అటూ ఇటూ చూశారు, తలుపు సందులోంచి తొంగిచూశారు. మేడమ్ కళ్ళు మెరిశాయి. అంతలో రెడ్డిగారు చెప్పులు విడిచి, జత సరిగ్గా సర్ది, వంగి గడపని కళ్ళకద్దుకుని, కుడికాలు లోపల పెట్టి దొంగతనానికి వచ్చారు. వెనకే పోలీసుని నేను. దొంగ పారిపోతుంటే గడప బయట కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాను. మాకెవరికీ ఇందులో వింత కనబడలేదు. మేడమ్ మాత్రం కుర్చీలోంచి జారి ఇసుకలో కూర్చుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు.

నవ్వు తగ్గాక ఎందుకలా చేశారని అడిగారు. గడప అంటే లక్ష్మీదేవి మేడమ్, ఎంత దొంగయినా చెప్పులతో ఎలా తొక్కుతాడు అన్నాను. తప్పు దిద్దుతారనుకున్నాం. ఆ రోజు దిద్దలేదు. తర్వాతి శుక్రవారం మా అందరినీ నిలబెట్టి చెప్పారు. "మా బడిలో ఇన్నేళ్ళూ లోపలికి ఎవరొచ్చారనే చూశాం. వచ్చినవాడు బయట ఏం విడిచి వచ్చాడో ఎవరమూ అడగలేదు." ఆ రోజు నుంచి చెప్పులు విడవడం కూడా పాఠంలో భాగమైంది. దొంగ ఎలా విడుస్తాడు, అల్లుడెలా విడుస్తాడు, అప్పులవాడెలా విడుస్తాడు అని ఆవిడా మేమూ పోటీపడి చేసేవాళ్ళం. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని క్యాంప్‌లో గురువారం నుంచే సందడి. అయినా మాలో ఒక్కడికీ హెరైన్ పడలేదు.

అలా ఏడాది గడిచింది. ఒక వారం మధ్యలో జర్మనీ నుంచి ఆవిడకి ఫోన్ వచ్చింది. రెండు జర్మనీల మధ్య గోడ కూలి దేశం ఒక్కటయ్యాక చిన్న చిన్న బడులకి డబ్బులివ్వడం మానేశారట. ఆవిడ బడి మూసేశారు, భవనం అమ్మేశారు. తిరిగి వెళ్ళడానికి ఇంక బడి లేదు. శుక్రవారం నేను వెళ్ళేసరికి మేడమ్ దొడ్లో కుర్చీలో కూర్చుని ఆ తలుపుకేసి చూస్తున్నారు. "వాళ్ళని వెనక్కి పంపించు. బడే లేనిదానికి పాఠమేమిటి?" అన్నారు. అప్పటికే అందరూ గేటు దాటి వచ్చేశారు. సంగతి చెప్పాను.

రాజన్న తలుపు వెనక్కి వెళ్ళాడు. ఎప్పుడూ అందరి వెనకాల నిలబడి నవ్వుతుండేవాడు, తనంతట తాను వెళ్ళడం అదే మొదలు. తలుపు మెల్లిగా తెరుచుకుంది. సైట్లో వేసుకునే బరువైన బూట్లు విప్పి, దుమ్ము దులిపి, గోడ వారగా పెట్టినట్టు పెట్టాడు. లేని గోడ మాకు కనిపించింది. భుజం మీద లేని సంచి దించాడు. గడప దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. మనిషి ఎత్తున చూడలేదు, మోకాలెత్తున చూశాడు. అక్కడ ఎవరో చిన్నపిల్ల ఉంది. మొహం వెలిగింది, చేతులు చాచాడు. మరుక్షణం ఆ చేతులు వెనక్కి తీసుకున్నాడు. పిల్ల జడుసుకుందని మా అందరికీ తెలిసిపోయింది. గడప దాటలేదు. బయటే గొంతుక్కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహమాటంగా నవ్వుతూ ఉండిపోయాడు.

"హెరైన్" అన్నారు మేడమ్.

రాజన్న అప్పుడు గడప దాటాడు. దొడ్డి దొడ్డంతా అరుపులు, ఈలలు. ఏం చేశావురా అని అడిగితే, ఆనక నెమ్మదిగా చెప్పాడు. "నేనొచ్చినప్పుడు నా బిడ్డ కడుపుల ఉండె అన్నా. నన్ను జూస్తే ఎవలో అనుకుంటది గదా. అది రమ్మనేదాక నేనెట్ల లోపటికి పోత?" నేను ఇంగ్లీషులో చెప్పబోతే మేడమ్ వద్దని చెయ్యూపారు. లేచి వెళ్ళి ద్వారబంధం మీద అరచెయ్యి ఆనించి, "వాళ్ళు భవనం అమ్ముకున్నారు. తలుపుంది కదా, అది చాలు" అన్నారు. తర్వాత అదే గొంతుతో, "యల్లా, ఇంకెవరు?" అని కుర్చీ లాక్కున్నారు. ఆ మధ్యాహ్నమంతా ఒకడి మీద ఒకడు పడి తలుపు తోశాం. కేకు అలాగే ఉండిపోయింది.

నాకు మాత్రం హెరైన్ పడలేదు. వాళ్ళు దోహా వదిలి వెళ్ళే రోజు, ఎయిర్‌పోర్టుకి సామాను దించడానికి చెప్పులు విడిచి, గది తలుపు తీసి నిలబడ్డాను. ఏ రాగమూ లేదు, మీసం సంగతీ గుర్తులేదు. సూట్‌కేసు పక్కన నిలబడ్డ ఆవిడ నన్ను చూసి "హెరైన్" అన్నారు. ఊరికే రమ్మన్నారో, పాఠమే చెప్పారో, దారి పొడుగునా అడగలేకపోయాను.

తర్వాత కొత్త సంవత్సరానికి ఫోన్లు చేసుకునేవాళ్ళం. ఇంటి వెనక తోటలో చిన్న బడి పెట్టానని, నలుగురైదుగురు పిల్లలు వస్తున్నారని చెప్పేవారు. అంతకుమించి నేనూ అడగలేదు.

నిన్న వాళ్ళమ్మాయి ఫోటో పంపింది. అంత్యక్రియలయ్యాక ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళంతా తోటకి వచ్చారట. పచ్చగడ్డి మధ్య ఒక ద్వారబంధం, గోడల్లేవు. కింద గడప, దానికి పసుపు రంగు. సన్నగా వాన పడుతున్నట్టుంది. గడపకి ఇవతల బూట్లు, ఆడవాళ్ళ ఎత్తు మడమల జోళ్ళు, ఎవరో పిల్లాడి చిన్న చెప్పులు జతలు జతలుగా సర్ది తడుస్తున్నాయి. మనుషులెవరూ కనబడటం లేదు, అందరూ లోపలికి వెళ్ళిపోయినట్టున్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది.